పట్టీ దాకా కరిగిన ఐసు

“చాయ్ ఎవరు తాగిండ్రు?” అని అడిగింది సూర్యప్రభ.

బెంచీ మీద కూర్చున్న శ్రీపాద తలెత్తాడు. రాత్రంతా లాకప్‌లో ఉన్న మనిషి. మొదటి ప్రశ్న చాయ్ గురించి వస్తుందని అతను అనుకోలేదు.

“హానీ తాగింది మేడం.”

“నీ ముందటనే?”

“నా ముందటనే. నాకూ పోస్తనన్నది. అసిడిటీ ఉందని నేనే వద్దన్న.”

గోడకు ఆనుకొని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ రవీందర్ గట్టిగా నవ్వాడు. “విన్నరా మేడం? రంజాన్ నెల. రోజా ఉపవాసమున్న పిల్ల ఈయన ముందట కూసొని చాయ్ తాగిందంట. అబద్ధం చెప్పేటందుకు కూడా ఊరు తెలవాలె.”

“నేను అడిగింది ఆయన్ని, రవీందర్.”

“పది నిమిషాలు ఇచ్చిన. మూడు అయిపోయినయి.”

పన్నెండేళ్ల కిందట సూర్యప్రభ ఎస్సైగా ఉన్న స్టేషన్‌కే రవీందర్ ట్రైనింగ్‌కు వచ్చాడు. పంచనామా రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆమె రిటైరై లాల్‌దర్వాజాలో రెండు కుర్చీల డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. అతను ఇన్‌స్పెక్టర్. ఆ పాత సంగతి ఇద్దరిలో ఎవరూ మరచిపోలేదు. ఇబ్బంది అక్కడే.

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి, మొఘల్‌పురాలోని తమ ఇంటి లోవాకిలి ఆంగన్‌లో, మేడ మెట్ల కింద ఉమ్మే హానీ తల పగిలి పడి ఉండడం ఆమె తల్లి ఖైసర్ బేగం చూసింది. హానీకి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ మధ్యాహ్నం ఆమె దగ్గరికి వచ్చిన బయటివాడు, ఆమెతో ఒకే ఆఫీసులో పనిచేసే శ్రీపాద ఒక్కడే. మలక్‌పేటలోని ఒక ఆసుపత్రిలో మత్తు మందులో ఉంచారు. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు మత్తు తగ్గిస్తామన్నారు డాక్టర్లు. కళ్లు తెరిస్తే తనను తోసింది ఎవరో ఆమే చెబుతుంది. ఆ సంగతి తోసినవాడికీ తెలుసు.

“ఆసుపత్రి కాడ కానిస్టేబుల్ ఉన్నడా?” అని అడిగింది సూర్యప్రభ, శ్రీపాద మీద నుంచి చూపు తిప్పకుండానే.

“పొద్దున తీసేసిన. తోసినోడు నా దగ్గరనే ఉన్నంక ఇంకా కాపలా ఎందుకు?”

ఆమె గోడ గడియారం చూసింది. పదకొండూ నలభై ఆరు.

“శ్రీపాదా, నిన్న ఎన్నింటికి పోయినవ్, ఎన్నింటికి వచ్చినవ్?”

“రెండూ నలభైకి పోయిన. మూడుంబావుకు బయల్దేరిన. శాలిబండల రంజాన్ అని పరదా కట్టిన హోటల్ల అన్నం తిన్న. అదే చెప్పిన సార్‌కు. ఆ హోటలోడు నన్ను గుర్తుపట్టలే.”

“పరదా వెనక తిన్నోని మొఖం ఎవనికి గుర్తుంటది!” అన్నాడు రవీందర్.

“నువ్వు బయల్దేరేటప్పుడు ఆ చాయ్ కప్పు ఎక్కడుండె?”

శ్రీపాద కళ్లు మూసుకుని ఆలోచించాడు. “లాప్‌టాప్ పక్కన. సగం తాగింది. కప్పు మీద సాసర్ మూసి, మళ్ల పనిల పడ్డది.”

సూర్యప్రభ తన సంచీలోంచి పంచనామా నకలు తీసింది. మూడో పేరా కింద నిన్న రాత్రే పెన్సిలుతో గీత గీసుకుంది. *మేడ గదిలో, కిటికీ పరదా వెనుక, గట్టు మీద, సగం తాగిన చాయ్ కప్పు ఒకటి.*

ఆమె ఆ కాగితం మడిచి, ఇంకో కాగితం తీసి శ్రీపాదకు ఇచ్చింది. “ఇది చదువు. నిన్న మూడూ నలభై రెండుకు హానీ లాప్‌టాప్ నుంచి మీ ఆఫీసుకు పోయిన రిపోర్టు. నాలుగో పేజీ.”

“నాకు ఎవరూ చూపియ్యలే ఇది,” అంటూ అతను చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ ముందుకు వంగాడు. “ఇదెవడు రాసిండు?”

“నువ్వే,” అన్నాడు రవీందర్.

“సార్, మీరు ఊకోండ్రి జర!” ఒక రాత్రి లాకప్‌లో ఉన్నవాడు పోలీసు మీద అరిచిన మొదటి అరుపు అది. “మేడం, మేం చేసే పని మీకు చెప్తా. అంటార్కిటికాల, గ్రీన్‌లాండ్‌ల మంచు కరిగి సముద్రం ఎంత లేస్తదో పెద్ద పెద్ద కంప్యూటర్లు నెలలు నెలలు లెక్క చేస్తయి. ఆ పాత లెక్కలన్నీ చూపించి హానీ ఒక మెషిన్‌కు నేర్పింది. ఇన్ని వందల సార్లు గిట్లయితే గిట్ల కరిగింది, ఇప్పుడు ఈ కొత్త పరిస్థితికి నువ్వు చెప్పు అంటే, నిమిషాలల్ల చెప్తది.”

“అయితే?”

“అయితే ఒక్క నంబర్ ఎప్పుడూ ఇయ్యం. తక్కువల తక్కువ ఇంత, ఎక్కువల ఎక్కువ ఇంత, నడిమిట్ల ఇంత. మాకు తెల్వంది ఎంతుందో కూడా చెప్పాలె గదా! ఇక్కడ చూడుండ్రి. తక్కువల తక్కువ నలభై అయిదు సెంటీమీటర్లు. ఎక్కువల ఎక్కువ నూటా ఇరవై. నడిమి నంబర్ ఇరవై నాలుగు అని రాసుంది!”

సూర్యప్రభ కాగితం మీదికి వంగింది. “నడిమిది కిందిదానికన్న తక్కువ.”

“ఎట్ల ఉంటది? నేను పోయినప్పుడు డెబ్బై నాలుగు ఉండె. ఏడును రెండు చేసి వదిలేసిండు ఎవడో. ఈ పని తెల్సినోడైతే మూడూ మారుస్తడు. మెషిన్‌నే మారుస్తడు. ఇది ఏమీ తెల్వనోడు చేసిన పని.”

“లేకుంటే,” అన్నాడు రవీందర్ నెమ్మదిగా, “ఏమీ తెల్వనోడు చేసినట్టు కనవడాలని, అంతా తెల్సినోడు చేసిన పని. టైం అయిపోయింది మేడం.”

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “ఈ రిపోర్టు ఏ ఊరి సముద్రం గురించి?” అని అడిగింది.

“ఊరు కాదు మేడం. కోస్తాల ఒక వెంచర్. నీలిరేవు అని. ప్లాట్లు అమ్ముతున్నరు. పర్మిషన్ ఇచ్చేటోళ్లు మమ్మల్ని అడిగిండ్రు, ఆ జాగా ఎన్ని రోజులు నేల లెక్కనే ఉంటదో చెప్పమని.”

*

పన్నెండున్నరకు సూర్యప్రభ మొఘల్‌పురా ఇంట్లో, మేడ మీద హానీ గదిలో ఉంది.

ఖైసర్ బేగం గుమ్మంలో నిలబడింది. మనిషి ఒక్క రోజులో సన్నబడినట్టుంది. తెల్లవారుజామున సహరీ తినలేదని పెదవులు చూస్తేనే తెలుస్తోంది. అయినా రోజా వదలలేదు. ఇరవై ఏళ్ల పరిచయం ఇద్దరిదీ. కూతురి సంగతి పోలీసులతో కాక ముందు తనతో చెప్పుకున్నది అందుకే.

“ఆపా, నేనొకటి అడుగుత. నువ్వు సిగ్గుపడొద్దు,” అన్నది సూర్యప్రభ.

“అడుగు ప్రభా బహెన్. ఇంక నాకు ఏం సిగ్గు?”

“నిన్న హానీ రోజా ఉన్నదా?”

ఖైసర్ బేగం దుపట్టా కొంగు సరిచేసుకుంది. తర్వాత బీరువా దగ్గరికి వెళ్లి తలుపు తెరిచింది. తలుపు లోపలి వైపు ఒక క్యాలెండర్ వేలాడుతోంది. పైన నీలం సముద్రం బొమ్మ. కింద ఈ నెల తేదీల్లో మూడింటి మీద ఎర్ర పెన్నుతో చిన్న చుక్కలు. మూడో చుక్క నిన్నటిది.

“ఆడోళ్లకు కొన్ని రోజులు మాఫీ ఉంటది. పండగైనంక ఆ రోజాలు తీర్చుకోవాలె. యాది మరవకుంటా చుక్క పెడ్తది.” గొంతు తగ్గించింది. “ఆ ఇన్‌స్పెక్టర్ అడిగిండు, ఇంట్ల అందరు రోజా ఉన్నరా అని. ఉన్నరని చెప్పిన. మగోనికి ఎట్ల చెప్పాలె ఈ మాట?”

“మా అమ్మ మమ్మల్ని వాకిట్ల కూసోవెట్టి వాడంతా చాటింపేసేది. మీరు లోపల దాస్తరు. రెండిటికీ మనమే దొరికినం,” అన్నది సూర్యప్రభ. “అయితే నిన్న హానీ చాయ్ తాగింది.”

“తాగింది. నేనే చేసిచ్చిన. ఆ శ్రీపాద వచ్చినప్పుడు.”

“ఆయన ముందట తాగొచ్చా?”

“ఆయనకేం తెలుస్తది? ఆయన వేరే. మన ఇంటి మగోళ్ల ముందటనే తాగం. అన్నదమ్ముడు, మరిది, ఎవరొచ్చినా కప్పు దాచాలె. నేను ముప్పై ఏండ్లు మా మరిది అడుగుల చప్పుడు ఇని గ్లాసు దాచినదాన్ని.”

సూర్యప్రభ కిటికీ దగ్గరికి వెళ్లి పరదా పక్కకు లాగింది. గట్టు మీద దుమ్ములో కప్పు అడుగు గుండ్రంగా పడ్డ మచ్చ ఇంకా ఉంది. హానీ కుర్చీ నుంచి అక్కడికి రెండడుగులు. సగం చాయ్ మిగిలిన కప్పును లాప్‌టాప్ పక్క నుంచి తీసి, పరదా వెనుక పెట్టి, పరదా మళ్లీ సరిచేయాలంటే మెట్ల మీద వస్తున్న అడుగుల చప్పుడు ఆమెకు తెలిసినదై ఉండాలి.

శ్రీపాద కోసం దాచలేదు. శ్రీపాద పోయాక వచ్చినవాడి కోసం దాచింది.

“ఆపా, శ్రీపాద పోయినంక ఇంటికి ఎవరొచ్చిండ్రు?”

“ఎవ్వరూ రాలే. పోలీసోళ్లకు గూడ అదే చెప్పిన. మధ్యాహ్నం జొహర్ నమాజ్ చేసి ముందు గదిల నడుం వాల్చిన. దర్వాజా నా ముందటనే ఉన్నది. ఎవ్వరూ రాలే.”

“ఆంగన్ల పక్క తలుపు?”

“అది మనోళ్లకే.”

సూర్యప్రభ ఆమె ముఖంలోకి చూసింది. ఖైసర్ బేగం అబద్ధం చెప్పడం లేదు. తనను అడిగింది వచ్చినవాళ్ల గురించి. ఇంటి మనిషి ఇంటికి వస్తే అది రావడం ఎట్లా అవుతుంది?

ఇద్దరూ కిందికి దిగారు. మెట్లు పదమూడు, నిటారుగా ఉన్నాయి. మెట్ల కింద నీళ్ల నల్లా, నల్లా పక్కన నీలం ప్లాస్టిక్ బకెట్ బోర్లించి ఉంది. బకెట్ చుట్టూ సరిగ్గా నడుమ తెల్ల పట్టీ.

“ఇదెందుకు ఇక్కడ?”

“ఐసు కోసం. ఇఫ్తార్ షర్బత్‌కు రోజూ ఐసు వస్తది గదా.” ఆ ఒక్క క్షణం ఖైసర్ బేగం ముఖంలో ఏదో వెలుగు వచ్చి పోయింది. “దీంతోని నా బిడ్డ నాకు పాఠం చెప్పింది ప్రభా. రా, చూపిస్త.”

వంటింటి అల్మారా తలుపు మీద సుద్దముక్కతో రెండు వరుసల అంకెలున్నాయి. ఒక్కో రోజు ఐసు ఎన్నింటికి వచ్చింది, తెల్ల పట్టీ దాకా కరగడానికి ఎంత సేపు పట్టింది. గంటా నలభై. గంటా ముప్పై అయిదు. గంటా యాభై. గంటన్నర. పదకొండు రోజుల లెక్క.

“నువ్వు కంప్యూటర్ల ఏం చేస్తవే అని అడిగిన. ఇదే చేస్త అమ్మీ అన్నది. పదకొండు రోజులు చూస్తే పన్నెండో రోజు చూడకుంటనే చెప్పొచ్చు అన్నది. నీది బకెట్, నాది సముద్రం అని నవ్వింది.”

సూర్యప్రభ ఆ అంకెలను రెండుసార్లు చదివింది. “నిన్న కూడా ఐసు వచ్చిందా?”

“వచ్చింది. షర్బత్ ఎవరు తాగిండ్రు? రాత్రి కడిగి బోర్లించిన.”

“ఎవరు తెస్తరు రోజూ?”

“ఇంకెవరు, మా తబ్రేజ్. మా అక్క కొడుకు. ఎనిమిదేండ్ల వయసు నుంచి ఈ ఇంట్లనే పెరిగిండు. వాడేమన్న బయటోడా?”

“నిన్న ఎన్నింటికి తెచ్చిండు?”

“నేను ఫోన్ చేస్తే ఐసు దుకాణం కాడనే ఉన్న ఖాలా అన్నడు. నాలుగూ ముప్పై అయిదుకు ఉరికొచ్చిండు.”

“చేతుల ఐసు ఉండంగ నువ్వు చూసినవా?”

“నేను నా బిడ్డను చూస్తున్న బహెన్. వాని చేతులు ఎట్ల చూస్త?”

సూర్యప్రభ ఫోన్ తీసి రవీందర్‌కు చేసింది. “నిన్న నువ్వు ఆంగన్ల తీసిన ఫొటోలు కావాలె. ఇప్పుడే.”

*

ఫొటోలు పంపలేదు. అతనే వచ్చాడు, పది నిమిషాల్లో, బూట్ల చప్పుడు చేసుకుంటూ.

“మీరు నా సీన్ల ఏం చేస్తున్నరు మేడం? సీల్ లేదని ఎవరు పడ్తే వాళ్లు తిరుగుడేనా?”

“సీల్ వెయ్యంది నువ్వు. అరవకు. ఫోన్ ఇయ్యి.”

“ఇయ్యకపోతే?”

“ఇయ్యకపోతే రెండు గంటలకు ఆ పిల్ల కండ్లు తెరిచినప్పుడు ఆమె పక్కన ఎవరున్నరో మనకు తెల్వదు. కాపలా తీసింది నువ్వు. ఆ కాగితం మీద సంతకం నీది.”

రవీందర్ ముఖం గట్టిపడింది. కానీ ఫోన్ తీసి ఇచ్చాడు. ఆమె వేలితో ఒక్కొక్కటి జరిపింది. మెట్లు. నేల మీద రక్తం. నల్లా. నల్లా ఫొటోలో అంచున నీలం బకెట్. ఫొటో తీసిన సమయం అయిదూ పది.

ఆమె బొమ్మను పెద్దది చేసింది. నీళ్లలో తేలుతున్న ఐసు ముక్క. దాని పై అంచు సరిగ్గా తెల్ల పట్టీ దగ్గర ఉంది.

“ఇది ఎన్నింటికి తెచ్చిన ఐసు, రవీందర్?”

“ఐసు గురించి నాకేం తెల్సు!”

“నాకూ తెల్వదు. హానీ చెప్తది.” అల్మారా తలుపు వైపు చూపించింది. “ఈ బకెట్ల, ఈ ఆంగన్ల, ఈ ఎండకు, ఐసు పట్టీ దాకా దిగాలంటే తక్కువల తక్కువ గంటన్నర. ఎక్కువల ఎక్కువ గంటా యాభై. అయిదూ పది నుంచి వెనక్కి లెక్కపెట్టు.”

రవీందర్ పెదవులు కదిలాయి. “మూడూ ఇరవై... మూడూ నలభై.”

“తబ్రేజ్ నాలుగూ ముప్పై అయిదుకు తెచ్చిన అన్నడు. ఆ లెక్కన ఐసు ఇంకా బకెట్ అంచు పైకి ఉండాలె. శ్రీపాద మూడుంబావుకు పోయిండు. మూడూ నలభై రెండుకు రిపోర్టు పోయింది. నడుమ ఐసు వచ్చింది. పక్క తలుపు నుంచి వచ్చి, అలవాటుగ ముందు బకెట్ల ఐసు వేసి, తర్వాత మెట్లెక్కిండు. ఆ చప్పుడుకే హానీ కప్పు దాచింది.”

“ఆమె రోజా ఉండె గదా!”

“లేదు. నీకెందుకు చెప్పలేదో మీ ఇంటిదాన్ని అడుగు.”

రవీందర్ ఖైసర్ బేగం వైపు చూసి, తల దించుకున్నాడు. వెంటనే మళ్లీ ఎత్తాడు. “కారణం? ఆ నంబర్ తోని వానికేం పని?”

సూర్యప్రభకు అప్పుడు ఆ క్యాలెండర్ గుర్తొచ్చింది. నీలం సముద్రం. ఆమె మెట్లు రెండేసి ఎక్కి వెళ్లి, బీరువా తలుపు మీద నుంచి దాన్ని ఊడబీక్కొని వచ్చింది. ఎర్ర చుక్కల కింద, అట్ట అంచున అచ్చు అక్షరాలు. *నీలిరేవు సీ వ్యూ ప్లాట్లు. సంప్రదించండి: తబ్రేజ్, జల్‌పల్లి.* సముద్రం డెబ్బై నాలుగు లేస్తుందంటే ఆ ప్లాట్లకు పర్మిషన్ రాదు; ఇరవై నాలుగంటే వస్తుంది.

“ఈ గల్లీల సగం మంది తీసుకున్నరు,” అన్నది ఖైసర్ బేగం. ఆమె గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. “తబ్రేజ్ మాట మీద. మస్జిద్ల నిలబడి చెప్పిండు వాడు, నా ఇంటోళ్లకు ఇస్తలేనా అని.” ఆమె గోడ పట్టుకుంది. “ప్రభా. రాత్రి నుంచి హానీ కాడ వాడే ఉన్నడు. నువ్వు ఇంటికి పో ఖాలా, నేనుంట అన్నడు. నేనే వచ్చిన. నేనే వదిలిపెట్టి వచ్చిన.”

ఆమె చేతిలో ఫోన్ మోగింది.

తెర మీద పేరు ముగ్గురూ చూశారు. ఒంటి గంటా ఎనిమిది.

సూర్యప్రభ ఆమె భుజం పట్టుకుని, స్పీకర్ నొక్కి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

“ఖాలా,” అన్నాడు తబ్రేజ్. మెత్తటి గొంతు. “డాక్టర్లు జల్దీ చేసిండ్రు. హానీ కండ్లు తెరిచింది. నన్నే చూస్తుంది. కానీ ఊపిరి తీసుకోనికి మస్తు తక్లీఫ్ అయితుంది. నర్సును మందుకు పంపిన. నువ్వు దిల్ గట్టిగ చేసుకో ఖాలా.”

రవీందర్ అప్పటికే ఆంగన్ దాటుతున్నాడు. గల్లీలో అతని అరుపు వినిపించింది, “మలక్‌పేట పెట్రోలింగ్ బండి ఎక్కడుంది?” వైర్‌లెస్ నుంచి జవాబు కూడా వినిపించింది. చాదర్‌ఘాట్ ట్రాఫిక్‌లో. జీపు స్టార్టయింది. ఇక్కడి నుంచి ఆసుపత్రికి పద్నాలుగు నిమిషాలు.

ఖైసర్ బేగం కళ్లు మూసుకుంది. తెరిచినప్పుడు ఆమె గొంతులో వణుకు లేదు. ముప్పై ఏళ్లు గ్లాసులు దాచిన మనిషి.

“బేటా, ఫోన్ పెట్టకు. నేను ఖురాన్ల యాసీన్ సూరా చదువుత. నువ్వు ఫోన్ దాని చెవి కాడ పట్టుకో. రెండు చేతులతోని పట్టుకో, కింద పడ్తది. నీ చిన్నప్పుడు జ్వరమొస్తే నీకూ చదివిన. యాదున్నదా?”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

“యాదున్నది ఖాలా.”

“పట్టుకున్నవా?”

“పట్టుకున్న.”

ఆమె చదవడం మొదలుపెట్టింది. పుస్తకం అక్కర్లేదు. ఆ సూరా మొదటి నుంచి చివరి దాకా ఆమె చదివితే పదిహేను నిమిషాలు; అంత సేపూ వాడి రెండు చేతులూ ఫోన్ మీదే ఉండాలి. ఆ సంగతి సూర్యప్రభకు తెలుసు. ఇదే ఇంట్లో, హానీ తండ్రి మంచం పక్కన, గడియారం చూస్తూ కూర్చున్నది తనే.

ఒక చేత్తో తన ఫోన్ నుంచి ఆసుపత్రి కౌంటర్‌కు చేసింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేసింది.

మూడు నిమిషాలు. స్పీకర్‌లో ఊపిరి చప్పుడు, బరువుగా, ఆగి ఆగి. అది హానీదే. ఆ చప్పుడు వినిపించినంత సేపూ ఖైసర్ బేగం గొంతు ఒకే తీరుగా సాగింది.

ఆరు. కౌంటర్ ఫోన్ మోగుతూనే ఉంది.

తొమ్మిది. రవీందర్ నుంచి ఒక్క ముక్క మెసేజ్: *నల్గొండ క్రాస్‌రోడ్స్.* ఆమె తెర ఖైసర్ బేగంకు చూపించింది. ఖైసర్ బేగం చదువుతూనే తలూపింది. కన్నీళ్లు గడ్డం మీద నుంచి జారి ఫోన్ మీద పడుతున్నాయి.

పదకొండో నిమిషంలో స్పీకర్‌లో ఏదో కదిలింది. మంచం ఇనుము కీచుమన్నది. ఊపిరి చప్పుడు దూరమైంది.

“ఖాలా,” అన్నాడు తబ్రేజ్. ఈసారి గొంతులో మెత్తదనం లేదు. “చాలు. అది మళ్ల పండుకున్నది.”

ఖైసర్ బేగం ఆపలేదు. తర్వాతి వాక్యం అందుకుంది, ఇంకాస్త గట్టిగా.

ఫోన్ కట్టయింది. ఆమె చదువుతూనే ఉంది. సూర్యప్రభ గడియారం చూసింది. జీపు చేరడానికి ఇంకా మూడు నిమిషాలు. వాడి రెండు చేతులూ ఇప్పుడు ఖాళీ.